సుంకరి జెండా

గాజు వెనక ఉన్న ఆ జెండాలో అందరూ మధ్యనున్న పెద్ద అక్షరం చూస్తున్నారు. నా కళ్ళు మాత్రం తిన్నగా సంతకం మీదికి పోయాయి. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా ముప్పై రెండేళ్ళు కస్టమ్స్‌లో పనిచేసినవాణ్ణి. కాగితం కనబడితే ఎక్కడ చూడాలో కళ్ళకే తెలుసు. ఎవరి పేరు మీద ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, ఎవరు సంతకం పెట్టారు. మూడూ ఉన్నాయి. పుచ్చుకున్నవాడి పేరు ఒక పక్క, తేదీ ఒక పక్క, తాడు చుట్టి పడేసినట్టు మెలికలు తిరిగిన సంతకం. తేదీ మన లెక్కలో 1581. సంతకం మురకామి తకెయోషిది. ఆ రోజుల్లో జపాన్ మొత్తానికీ పెద్ద సముద్రపు దొంగ అని పేరు పడ్డవాడు.

దొంగ ఇచ్చిన పర్మిట్టు అన్నమాట. ఫార్మాటులో ఒక్క తప్పు లేదు.

మధ్యనున్న అక్షరానికి అర్థం 'పైన' అని మా అబ్బాయి చెప్పాడు. మురకామి అన్న ఇంటిపేరులో 'కామి' అంటే అదేనట. ఆఫీసుల భాషలో 'పై' అన్న మాటకి మనకున్న అర్థం గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. జపనీసు కోడలికి ఆ నవ్వు ఎందుకో వివరించడానికి మా ఆవిడకి పావుగంట పట్టింది.

అబ్బాయి హిరోషిమలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో చెర్రీ పూలు చూపిస్తానని కారులో తీసుకెళ్ళాడు. నాకు పూల మీద అంత ధ్యాస లేదు. దారిలో దొంగల మ్యూజియం ఉందని తెలిశాక అసలే లేకుండా పోయింది. ఒనోమిచి అనే రేవు ఊరి దగ్గర మొదలవుతుంది ఆ దారి. ఆరు దీవుల మీదుగా, దీవికీ దీవికీ మధ్య వంతెనలతో, అరవై కిలోమీటర్లు నడిచి షికోకు దీవిలో ఇమబారి పట్నం దగ్గర దిగుతుంది. వంతెనలన్నీ 1999లో పూర్తయ్యాయి. ఇమబారి అంటే తువ్వాళ్ళు, ఓడల తయారీ. మన ఫాస్టాగ్ లాంటిదే వాళ్ళకీ ఒక పెట్టె ఉంది కారులో. గేటు దాటినప్పుడల్లా అది కూస్తుంది. "మన దగ్గర టోలు ఎక్కువని ఏడుస్తాం గానీ నాన్నా, ఇక్కడ చూడు" అని అబ్బాయి సణుగుతూనే ఉన్నాడు.

మ్యూజియం ఉన్నది ఓషిమ దీవిలో, మియకుబో అనే చేపల రేవు పక్కన. ఇమబారి నగరపాలక సంస్థ నడుపుతోంది. వాకిట్లో పాతకాలపు నమూనాలో కట్టిన తెడ్ల పడవ ఉంది. సన్నగా, పొడుగ్గా, అడ్డంకులేమీ లేకుండా. దీన్ని 'కొబాయ' అంటారు. చిన్నది, వేగమైనది అని. మా మనవడు దాని చుట్టూ రెండుసార్లు పరిగెత్తి, "తాతా, ఫిరంగి ఏది?" అన్నాడు. ఫిరంగి లేదురా, తెడ్లే.

ఈ మ్యూజియం పేరు వెనక ఒక కథ ఉంది. 2004లో తెరిచినప్పుడు దాని పేరు మురకామి 'సుయిగున్' మ్యూజియం. సుయిగున్ అంటే నీటి సైన్యం. గౌరవమైన మాట. 2020లో దాన్ని తీసేసి 'కైజోకు' మ్యూజియం అని పెట్టుకున్నారు. కై అంటే సముద్రం, జోకు అంటే దొంగ. ఊళ్ళో ఎవరైనా తాతగారి పేరు ముందు 'దండనాయకుడు' చెరిపేసి 'దొంగ' అని చెక్కించుకుంటారా? ఇక్కడ చెక్కించుకున్నారు. కారణం సబబైనదే. సుయిగున్ అన్నది ఆ తరవాతి కాలాల వాళ్ళు మర్యాదకి తొడిగిన చొక్కా. ఆ మనుషులు బతికి ఉన్నప్పుడు రాసిన కాగితాల్లో వాళ్ళు కైజోకులే. 2013లో వాళ్ళ మీద వద రియో రాసిన నవల, 'మురకామి కైజోకు కూతురు', దేశమంతా ఊగిపోయేలా అమ్ముడుపోవడం కూడా ఆ మాటకి కొంత మెరుగు పెట్టి ఉంటుంది. ఏమైనా బోర్డు మీద అబద్ధం తగ్గించుకున్న సంస్థని నేను మొదటిసారి చూశాను.

మురకామి వాళ్ళు మూడు ఇళ్ళు. నోషిమ, కురుషిమ, ఇన్నోషిమ అని మూడు దీవుల పేర్లతో మూడు శాఖలు. జెండా మీద సంతకం పెట్టిన తకెయోషి నోషిమ ఇంటివాడు. మ్యూజియం పై అంతస్తు కిటికీలోంచి చూస్తే నోషిమ ఎదురుగానే ఉంటుంది. చుట్టుకొలత కిలోమీటరు కూడా లేని గుట్ట. ఆ రోజు దాని నెత్తిన చెర్రీ పూలు తెల్లగా పూసి ఉన్నాయి. ఇంత బుడ్డ దీవి మీద కోట ఎందుకు కట్టుకున్నారో కిటికీలోంచి చూస్తే అర్థం కాదు. పడవెక్కాలి.

రేవులోంచి టిక్కెట్టు పెట్టి తిప్పే పడవ ఉంది. రేవు దాటి రెండు నిమిషాలు కాకుండానే నీళ్ళ రంగు మారింది. పోటూ పాటూ నాకు కొత్త కాదు. గోదావరి పాయల్లో చూశాను, హార్బరు ముఖద్వారంలో ముప్పై ఏళ్ళు చూశాను. కానీ సముద్రం నదిలా పారడం ఎప్పుడూ చూడలేదు. పసిఫిక్ నుంచి వచ్చే పోటు లోపలి సముద్రంలోకి తోసుకొచ్చి, ఈ దీవుల సందుల్లో ఇరుక్కుంటుంది. ఆరేసి గంటలకి ఒకసారి దిక్కు మారుతుంది. నోషిమ పక్కనున్న సందుకి 'ఫునఓరి' అని పేరు, అంటే పడవ విరిచేది. కురుషిమ జలసంధిలో ఉధృతి 10 నాట్ల దాకా పోతుంది, గంటకి 18 కిలోమీటర్ల పైమాట. సరంగు ఇంజను వేగం తగ్గించాడు. అంతే, పడవ ఉన్నచోట ఉన్నట్టే ఉండి వెనక్కి కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. పక్కనే సుడి ఒకటి లేచింది, వెడల్పాటి మూకుడు తిప్పినట్టు. మా ఆవిడ కుర్చీ కమ్మీ వదల్లేదు. మనవడు మాత్రం 'ఇంకోసారి' అంటూ కేరింతలు.

దీవి చుట్టూ రాతి ఒడ్డు మీద గుండ్రటి గుంటలు కనిపించాయి. వందల కొద్దీ ఉన్నాయట. పడవలు కట్టడానికి స్తంభాలు పాతుకున్న గుంటలు. అప్పుడు తెలిసింది నాకు, ఆ కోటకి గోడలు అక్కర్లేదు. నీళ్ళే గోడ. రోజుకి నాలుగుసార్లు ఎటు తిరుగుతుందో తెలిసినవాడికి మాత్రమే గుమ్మం తెరుచుకునే గోడ. తెలియనివాడు ఎంత పెద్ద ఓడలో వచ్చినా, వీళ్ళు పక్కన తెడ్డు వేస్తూ నిలబడి, 'సాయం కావాలా?' అని అడగడమే తరువాయి.

సరిగ్గా అలాగే అడిగేవాళ్ళు. కొరియా రాయబారి సాంగ్ హుయి-గ్యోంగ్ 1420లో క్యోతో నుంచి తిరిగి వెళుతూ ఈ సముద్రం దాటాడు. దారిలో చూసిందంతా రాసిపెట్టుకున్నాడు. కమగరి దీవి దగ్గర ఆయనకి అక్కడి ఏర్పాటు తెలిసింది. తూర్పు నుంచి వచ్చే పడవలో తూర్పు దొంగ ఒకణ్ణి ఎక్కించుకుంటే పడమటి దొంగలు ముట్టుకోరు. పడమటి నుంచి వస్తే పడమటి దొంగ ఒకడు ఉండాలి, తూర్పు వాళ్ళు ముట్టుకోరు. ఆయన వాళ్ళు 7 కాన్‌ల డబ్బు, అంటే ఏడువేల రాగి కాసులు, ఇచ్చి ఒక తూర్పు దొంగని ఎక్కించుకున్నారు. ఒక్క మనిషి. కత్తి దుయ్యలేదు, బాణం వెయ్యలేదు. పడవలో కూర్చున్నాడు, అంతే. ఈ కూర్చోవడానికి జపనీసులో ఒక మాటే ఉంది, 'ఉవనోరి'. పైన ఎక్కి రావడం. మళ్ళీ 'పై'.

నేను చాలాసేపు ఆ ఏడువేల కాసుల దగ్గరే ఆగిపోయాను. ఆ మనిషికి అన్ని కాసులు ఎందుకు? మొదట, సుడి ఎక్కడుందో అతనికి తెలుసు. అది నిజమైన పని, దానికి కూలి ఇవ్వాల్సిందే. రెండోది, అతను ఎక్కకపోతే ఏం జరుగుతుందో కూడా అతనికే తెలుసు. అది బెదిరింపు. ఏడువేలలో కూలి ఎంత, బెదిరింపు ఎంత అని విడదీసి లెక్క రాయమంటే ఏ ఆడిటరూ రాయలేడు. దారి చూపించేవాడూ దారి కొట్టేవాడూ ఒకే బల్ల మీద కూర్చున్నాక, రాయబారిగారికి ఆ తేడాతో పనేముంది?

ఆ తరవాతి వందేళ్ళలో ఈ ఏర్పాటు గట్టిపడింది. ఓడ తెరచాప ఎంత పెద్దదైతే అంత సుంకం. సరుకు మీద వేరే. డబ్బు కట్టినవాడికి జెండా. జెండా ఎగరేసుకుంటూ పోతే మురకామి వాళ్ళ మనుషులున్న రేవుల్లో ఎవరూ ఆపరు. సుంకపు గేటుకి జపనీసులో 'సెకి' అని పేరు. షిమోనోసెకి ఊరి పేరు మనవాళ్ళు చరిత్ర పాఠాల్లో విని ఉంటారు, కిందిగేటు అని దానర్థం. కామినోసెకి అంటే పైగేటు. అక్కడా మురకామి వాళ్ళ కోట ఉండేది. వాళ్ళ మధ్యరకం యుద్ధనౌక పేరు కూడా 'సెకిబునే', గేటు పడవ. యుద్ధనౌకకి చెక్‌పోస్టు పేరు పెట్టుకున్నవాళ్ళని మీరేమంటారో నాకు తెలియదు. నేనైతే సుంకరులంటాను. మన ఊళ్ళలో సుంకరి అన్నది ఇంటిపేరుగా ఇంకా మిగిలే ఉంది. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అనే సామెత నా సర్వీసులో కనీసం వెయ్యిసార్లు నా ముఖం మీదే విన్నాను. పడవ నడిపేవాళ్ళు మురకామి మనిషి గురించీ ఇలాంటిదే ఏదో అనుకుని ఉంటారు.

1586లో ఇంకొక విచిత్రం జరిగింది. జపాన్‌లోని జెసూట్ మతగురువుల పెద్ద, పోర్చుగీసు దేశస్థుడు గాస్పర్ కొయెల్యో, ఈ దారినే ప్రయాణం చెయ్యాల్సి వచ్చింది. నోషిమ దొరని అడిగి, అతని చిహ్నం, సంతకం ఉన్న పట్టుజెండా తెచ్చుకున్నాడు. అనుమానంగా ఏ పడవ దగ్గరికొచ్చినా ఇది చూపించండి అని చెప్పి ఇచ్చారట. ఇదంతా రాసినవాడు ఆయనతోటి జెసూట్ లూయిష్ ఫ్రోయిష్. దేశంలోకెల్లా పెద్ద దొంగ ఇతనే అన్న కితాబు కూడా ఫ్రోయిష్‌దే. సరిగ్గా అదే కాలంలో ఈ పెద్దమనుషుల దేశం వాళ్ళు మన హిందూ మహాసముద్రంలో ఏం చేస్తున్నారు? 'కర్తాజ్' అని పర్మిట్టు అమ్ముతున్నారు. అది లేని ఓడ కనబడితే సరుకుతో సహా పట్టేసుకుంటున్నారు. మచిలీపట్నం నుంచి బయల్దేరిన ఓడలకీ ఆ చీటీ బెడద తప్పలేదు. మలక్కా దారిలో అమ్మితే అది రాజుగారి హక్కు. నోషిమ దగ్గర కొంటే అది దొంగ జెండా. ఫ్రోయిష్ ఈ పోలిక చూశాడో లేదో గానీ, మా ఆఫీసులో ఫైలు పెట్టి ఉంటే నేను రెండిటికీ ఒకే నంబరు వేసేవాణ్ణి.

ఇక్కడ నాకు మోటుపల్లి శాసనం గుర్తురాక మానదు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలకి చదువుకున్న రోజుల్లో ఒక సీనియర్ చెప్పాడు, మనవాళ్ళ మొట్టమొదటి కస్టమ్స్ సర్క్యులర్ అదేనని. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించాడు. అంతకుముందు రాజులు, తుపానుకి ఓడ విరిగి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అంతా పట్టుకుపోయేవాళ్ళు. అది తప్పని, ప్రాణం కంటే ధనం మీద ఆశపెట్టుకుని సముద్రం దాటి వచ్చేవాళ్ళ దగ్గర కట్టవలసిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని అభయం ఇచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. అంటే అప్పటిదాకా ఆ రేవులో జరిగిందాన్ని ఏమనాలి? చేసినవాళ్ళు రాజులు కాబట్టి దానికి దోపిడీ అన్న పేరు రాలేదు. తకెయోషికి శాసనం వేయించే రాయి లేదు, గుడ్డ ముక్క ఉంది.

వాళ్ళు మహాత్ములని చెప్పడం లేదు. మ్యూజియంలో నాకు నచ్చనిది ఒకటే. అద్దాల పెట్టెల్లో చైనా పింగాణీ పెంకులు, కొరియా గిన్నెల ముక్కలు, ఓమిషిమ దీవి గుడికి మురకామి వాళ్ళు సమర్పించుకున్న గొలుసుకట్టు కవిత్వం గురించిన ముచ్చట్లు, ఇవన్నీ ముద్దుగా ఉన్నాయి. డబ్బు కట్టనన్నవాడికి ఏమైందన్నది మాత్రం ఎక్కడా పెద్దక్షరాల్లో లేదు. సుంకం వెనక కత్తి లేకపోతే ఎవరూ కట్టరు. మా సర్వీసులోనూ వెనకాల ఒక కోర్టు, ఒక జైలు ఉండేవి.

యుద్ధాల గది త్వరగా దాటేశాను. 1555లో మియజిమ దగ్గర మోరి అనే దొర పక్షాన నిలబడటం, 1576లో ఒసాకా నది ముఖద్వారంలో, దేశాన్నంతా జయించాలని చూస్తున్న నోబునగ నావికాదళాన్ని తగలబెట్టడం, అవన్నీ జపాన్ పిల్లలకి కంఠతా వచ్చే సంగతులు. నన్ను ఆపింది ఆ తగలబెట్టిన ఆయుధం. 'హోరోకు' అంటే నువ్వులు, తేయాకు వేయించుకునే మట్టిపాత్ర. మనం పేలాలు వేయించుకునే మంగలం లాంటిది. ఆ పేరుతో గుండ్రటి మట్టికుండలో మందు కూరి, వత్తి ముట్టించి, తాడు కట్టి గిరగిరా తిప్పి ఎదుటి పడవలోకి విసిరేవాళ్ళు. చూడగానే మా ఆవిడ, "అయ్యో, మా అమ్మమ్మ మంగలం" అంది. రెండేళ్ళ తరవాత నోబునగ ఇనుపరేకులు తొడిగిన పెద్ద ఓడలు ఆరు దింపించాడు. మంగలం వాటి మీద పనిచెయ్యలేదు.

వాళ్ళని ముంచింది మాత్రం ఇనుప ఓడలు కావు, కాగితం. నోబునగ తరవాత దేశాన్ని చేతిలోకి తీసుకున్న హిదెయోషి 1588లో ఒకేరోజు రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. రైతుల దగ్గర కత్తులన్నీ లాక్కోమని ఒకటి. సముద్రం మీద కైజోకు పనులు ఇకమీదట చెయ్యకూడదని ఇంకొకటి. పడవ నడిపేవాళ్ళ చేత, చేపలు పట్టేవాళ్ళ చేత ఇంక ఆ పని చెయ్యబోమని ప్రమాణపత్రాలు రాయించుకోమని ఊరి దొరలకి ఆజ్ఞ. అంతే. గేటు మూసేశారు. సుంకం అనే హక్కు దేశానికి ఒక్కడిదయ్యేసరికి, నిన్నటిదాకా వసూలు చేసినవాడు తెల్లారేసరికి దొంగయ్యాడు. తకెయోషిని ఈ సముద్రం ఒడ్డునే ఉండనివ్వలేదు, క్యూషూకి పంపేశారు. చివరికి మోరి దొరల కొలువులోనే, పడమటగా ఉన్న ఇంకో దీవిలో 1604లో పోయాడు.

మూడిళ్ళలో నాకు మనసు పట్టేసింది కురుషిమ వాళ్ళ కథ. వీళ్ళు గాలి ఎటు వీస్తోందో ముందే చూసుకుని 1582లోనే అన్నదమ్ములని వదిలేసి హిదెయోషి పక్షానికి చేరారు. అందుకని 1588 వాళ్ళని దొంగల్ని చెయ్యలేదు, అప్పటికే వాళ్ళు దొరలు. ఇంటి పెద్ద మిచిఫుసని హిదెయోషి కొరియా యుద్ధానికి పంపాడు. 1597లో మ్యోంగ్న్యాంగ్ అనే జలసంధిలో కొరియా సేనాని యి సున్-సిన్ 13 ఓడలతో కాపు కాస్తున్నాడు. ఆ జలసంధి కూడా ఇలాంటిదే, ఇరుకు సందు, గంటకో తీరు నీళ్ళు. పాటు ఎప్పుడు తిరుగుతుందో యి సున్-సిన్‌కి తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పోటూ పాటూ చదువుకున్న ఇంటివాడు, పరాయి నీళ్ళ పోటులో చచ్చిపోయాడు.

అతని కొడుక్కి 1601లో ఇచ్చిన భూములు క్యూషూలో, ఇప్పటి కుసు అనే ఊరి దగ్గర ఉన్నాయి. చుట్టూ కొండలు. సముద్రం కనిపించదు. కొన్నాళ్ళకి ఇంటిపేరు రాసే అక్షరాలు కూడా మార్చుకున్నారు. పలికితే మాత్రం కురుషిమే, చివర 'షిమ' అంటే దీవి, దాన్ని వదల్లేదు. వాళ్ళకి కోట కట్టుకునే హోదా లేదు. ఎనిమిదో దొర గుడి బాగుచేయిస్తున్నానన్నట్టు మొదలుపెట్టి, గుడి చుట్టూ కోటకి వేసే రాతిగోడలు కట్టించాడు. అవి ఇప్పటికీ ఉన్నాయట. చూడాలని ఉంది. అబ్బాయి, "అది ఇంకో రోజు ప్రయాణం నాన్నా, లీవు లేదు" అన్నాడు.

సాయంత్రం ఇంటిదారి పట్టే ముందు ఇంకాస్త ముందుకి వెళ్ళి, కురుషిమ వంతెన కనిపించే కొండ మీద ఆగాం. కింద ఓడలు బారులు తీరి పోతున్నాయి. ఒడ్డున ఒక పెద్ద దీపాల బోర్డు ఉంది, దాని మీద ఒక అక్షరం, ఒక అంకె, ఒక బాణం గుర్తు మారుతూ వెలుగుతున్నాయి. నీళ్ళు ఉత్తరానికి పారుతున్నాయా దక్షిణానికా, ఎన్ని నాట్లు, వేగం పెరుగుతోందా తగ్గుతోందా అని ఓడలకి చెప్పే బోర్డు. సముద్రం మీద ఎక్కడైనా ఎదురుపడే ఓడలు కుడివైపుకి ఒత్తుకుంటాయి. ఇక్కడ మాత్రం నీళ్ళతోపాటు పోయే ఓడ మధ్య కాలువలోంచి, ఎదురు పోయే ఓడ పడమటి కాలువలోంచి పోవాలి. పాటు తిరిగితే దారులూ తిరుగుతాయి. 10,000 టన్నులు దాటిన ఓడైతే ఈ నీళ్ళు తెలిసిన పైలట్‌ని ఎక్కించుకునే రావాలి.

కార్లు మోసుకుపోయే ఓడ ఒకటి, ఏడంతస్తుల మేడలా, మెల్లగా మధ్య కాలువలోకి తిరిగింది. దాని పక్కన నిచ్చెన వేలాడుతోందేమోనని కళ్ళు చికిలించి చూశాను. ఆ దూరానికి కనిపించలేదు.

కారెక్కాం. గేటు దగ్గర పెట్టె కూసింది.

"ఎంత పోయిందిరా?" అన్నాను.

చెప్పాడు. రూపాయల్లోకి మార్చుకుంటే గుండె ఝల్లుమంది.

"రసీదు ఇవ్వరా?"

"ఇందులో రసీదు రాదు నాన్నా."